వంగమడి పక్కన తుమ్మెదల మడి: జూన్ నుంచి మే దాకా ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం: జాగా, కొలతలు

హైదరాబాద్ శివారు, ఎర్ర చెలక నేల. కూరగాయల మళ్లకు ఉత్తరం వైపున 30 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు పట్టీ ఎంచుకున్నాం. ఉత్తరాన ఉంటే ఇందులో ఎత్తుగా పెరిగే మొక్కల నీడ కూరగాయల మీద పెద్దగా పడదు. వెడల్పు 5 అడుగులు దాటితే నడిమధ్య కలుపు తీయడానికి మడిలో కాలు పెట్టాల్సి వస్తుంది, నేల గట్టిపడుతుంది.

లక్ష్యం ఒకటే. పన్నెండు నెలల్లో ఏ వారం చూసినా ఈ పట్టీలో మకరందమో పుప్పొడో ఇచ్చే పువ్వు ఉండాలి. రకరకాల పూల విత్తనాలు కలిపి ఒకేసారి చల్లిన మడి రెండు నెలలు కళకళలాడి, తర్వాత ఎండిపోతుంది. తేనెతుట్టెకు ఆకలి ఏడాది పొడవునా ఉంటుంది. అందుకే మొక్కల ఎంపిక కంటే విత్తే తేదీల మీదే ఎక్కువ కసరత్తు చేశాం.

పట్టీలో 27 అడుగులు మాత్రమే తవ్వాం, పార మునిగేంత లోతు. మాగిన పశువుల ఎరువు 100 కిలోలు కలిపాం. అంతకు మించి వేయొద్దు. యూరియా అసలే వద్దు. బలం ఎక్కువైన నేలలో కాస్మోస్, నువ్వులు ఆకు మీద పడి పూత ఆలస్యం చేస్తాయి. మిగిలిన 3 అడుగుల ముక్కను తవ్వకుండా, గడ్డి లేకుండా, ఆకులు కప్పకుండా వదిలి చుట్టూ రాళ్లు పేర్చాం. నేలలో బొరియ చేసుకుని గుడ్లు పెట్టే ఒంటరి తేనెటీగలకు ఆ జాగా. మల్చింగ్ మంచిదని ప్రతి అంగుళం కప్పేస్తే వాటికి చోటుండదు.

విత్తనం కొనేటప్పుడు చూడాల్సింది దాని మీద అద్దిన రంగు. గులాబీ, ఎరుపు రంగు అద్దిన విత్తనం మందుతో శుద్ధి చేసింది. ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క ఒళ్లంతా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా వస్తాయి. ఆరుబయట పంటల మీద ఈ రెండింటినీ, క్లోథియానిడిన్‌నూ ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది, తేనెటీగల కోసమే. నర్సరీ మొక్క తెస్తే ఏ మందు కొట్టారో అడగాలి. తెలియకపోతే మొదటి విడత మొగ్గలన్నీ తుంచేయడం మేలు.

జూన్: మృగశిర దాటాక విత్తనం

మొదటి వాన నేలలో జానెడు లోతుకు దిగాక విత్తాం. ఒక్కో రకానికి కనీసం 3 అడుగుల చదరం. తేనెటీగ ఒక విడతలో బయల్దేరితే ఒకే రకం పువ్వు మీద తిరుగుతుంది. ఇక్కడొకటి అక్కడొకటి నాటిన మొక్కల కోసం అది వెతుక్కుంటూ పోదు, గుంపుగా ఉన్న చోటే వాలుతుంది.

ఉత్తరపు అంచున కంది ఒక్క వరస, రెండడుగుల ఎడంతో 13 మొక్కలు. దాని ముందు జనుము, పసుపు నారింజ కాస్మోస్, నువ్వులు. మధ్యలో తులసి, సబ్జా. దక్షిణపు అంచున తుమ్మి, పోర్చులాకా, రెక్కబంతి. ముద్దబంతి దగ్గరికి వెళ్లలేదు. ముద్దపువ్వుల్లో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. పుప్పొడి తక్కువ, మకరందం అడుగున ఉన్నా తేనెటీగ మూతికి అందదు. మందారం, చామంతి, జిన్నియా విషయంలోనూ అంతే. పువ్వు మధ్యలో పసుపు బొట్టు బయటికి కనపడాలి.

విత్తడంలో తేడాలు రాసిపెడుతున్నాం. నువ్వులు చదరానికి పావు చెంచా చాలు, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, మొలిచాక జానెడు దూరానికి ఒకటి ఉంచి మిగిలినవి పీకేయాలి. తులసి, సబ్జా విత్తనం మీద మట్టి కప్పకూడదు, అరచేత్తో అదిమితే చాలు. సబ్జా నానబెడితే జిగురు పట్టి ఉండలు కడుతుంది, పొడిగానే చల్లాలి. కాస్మోస్ వేలి గోరంత లోతున, అడుగు ఎడంతో. జనుము బెత్తెడుకొకటి. పోర్చులాకాకు విత్తనం అక్కర్లేదు, నాలుగంగుళాల కాడ తుంచి గుచ్చితే పది రోజుల్లో వేరు పట్టేస్తుంది.

జూలై

వరస వానలు. సబ్జా నారు కొంత మొదలు దగ్గర మెత్తబడి పడిపోయింది. నారుకుళ్లు. ఒత్తుగా మొలవడం, సాయంత్రం తడి పెట్టడం, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే వస్తుంది. పలచన చేసి, పైన వేలి మందం ఇసుక పరిస్తే ఆగింది. కాస్మోస్ మొలకల్ని నత్తలు కొరికాయి. రాత్రి తడి గోనెసంచి పరిచి పొద్దున్నే దాని కింద చేరినవాటిని ఏరేయడమే పద్ధతి.

నువ్వుల చదరం ఒక మూల పసుపు తిరిగి మాడింది. అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. నువ్వు ఎండకు ఓర్చుకుంటుంది గానీ వేరు దగ్గర నిలిచిన నీటికి రెండు రోజులు కూడా ఆగదు. ఆ మూల నుంచి బొరిగెతో చిన్న కాలువ తీశాం.

నెలాఖరుకు మొదటి పువ్వు నువ్వుదే. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, సాయంత్రానికి గొట్టం ఊడి కింద పడుతుంది. పొద్దున పూట చూడాలి: పుట్టతేనెటీగ తల దూర్చి నడుము దాకా లోపలికి పోతుంది, వెనక్కి నడుస్తూ బయటికి వచ్చేసరికి వీపంతా తెల్లటి పొడి. నువ్వు తనకు తానే కాయ కట్టుకోగలదు. ఈగ కోసం వేసిన పంట ఇది, గింజ అదనం.

ఆగస్టు: గూళ్లు, నీళ్లు

వానాకాలం నడిమధ్య తేనెటీగలకు కరువు కాలం. చెట్ల పూత అయిపోయి ఉంటుంది, ఎండ లేక బయటికి రావడమే తక్కువ. ఈ నెలను ఆదుకునేవి తులసి, కాస్మోస్, తుమ్మి. తుమ్మి చాలామంది కలుపనుకుని పీకేస్తారు. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి, లేత చివర్లు తుంచుకుంటే మొక్క పక్క కొమ్మలు వేసి ఇంకా ఎక్కువ పూస్తుంది. చిన్న తెల్లపువ్వు, అందులో మకరందం దండి. కూరకు, ఈగకు రెండింటికీ సరిపోతుంది.

గూళ్ల పని ఈ నెలలో చేశాం. వెదురు కర్రల్ని ఆరంగుళాల ముక్కలుగా కోసి, ఒక చివర కణుపు మూసి ఉండేలా చూసుకోవాలి. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలో ఏ ఈగా గుడ్డు పెట్టదు. లోపలి రంధ్రం 4 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉండాలి. ఆకు కత్తిరించే ఈగలకు ఇందులో లావువి, సన్నటి ఒంటరి ఈగలకు చిన్నవి. తుమ్మెదకు వేరే: 12 నుంచి 16 మిల్లీమీటర్ల వెదురు, అడ్డంగా కట్టాలి. దానికి ఆ వెదురు ఇస్తే ఇంటి వాసాల జోలికి రావడం తగ్గుతుంది. రంపంతో కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి, పీచు మొనలకు రెక్కలు చిరుగుతాయి.

ఈ కట్టలన్నిటినీ పాత చెక్కపెట్టెలో కదలకుండా బిగించి, నడుమెత్తున, ఉదయపు ఎండ తగిలేలా తూర్పు ఆగ్నేయానికి తిప్పి నిలబెట్టాం. పైన నాలుగంగుళాలు ముందుకు వచ్చిన రేకు. గాలికి ఊగేలా వేలాడదీస్తే ఈగలు రావు. నాలుగు రోజులకే చీమలు పట్టాయి. కాళ్లకు జానెడు ఎత్తున గ్రీజు పట్టీ పూస్తే ఆగిపోయాయి. ఆకులు తగిలి వంతెన కాకుండా చుట్టూ గడ్డి కోస్తుండాలి.

పొట్ట మీద నీలి చారలుండే ఒంటరి తేనెటీగ ఒకటుంది. ఆ నీలి చారల ఈగకు వెదురు పనికిరాదు, అది మట్టిలో తొలుచుకుంటుంది. మూడు పాళ్లు ఇసుక కలిసిన ఎర్రమట్టి, ఒక పాలు బంకమట్టి తడిపి, 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల మందం ఇటుకలు పోసి, పచ్చిగా ఉన్నప్పుడే పెన్సిలుతో వేలెడు లోతున రంధ్రాలు పొడిచాం. ఆరాక గోటితో గీస్తే పొడి రాలాలి. రాలకపోతే బంకమట్టి ఎక్కువైంది, ఈగ దవడకు లొంగదు, మళ్లీ పోయాలి. ఇటుకకు వాన తగలకూడదు.

నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు, నిండా గులకరాళ్లు, రాళ్ల తలలు పైకి తేలేంత నీరు. రెండు రోజులకోసారి పారబోసి కడిగి నింపాలి. వదిలేస్తే డెంగీ దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదుగుతుంది.

సెప్టెంబర్: వంగపువ్వు దగ్గర

ఈ పట్టీ ఎందుకు అని అడిగేవాళ్లను వంగమడి దగ్గరికి తీసుకెళ్తే చాలు.

వంకాయ, టమాటా పువ్వుల్లో మకరందం లేదు. ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ తేలిగ్గా ఇవ్వవు. పసుపు పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, కోన్‌లా దగ్గరగా నిలబడి ఉంటాయి. వంగలో పొడి మూసిన గొట్టంలో ఉంటుంది, కొసన సూదిమొనంత రంధ్రం. మామూలు తేనెటీగ వాలినా ఆ పొడిని దులపలేదు. తుమ్మెద, నీలి చారల ఈగ మాత్రం కోన్‌ను కాళ్లతో వాటేసుకుని, ఒళ్లు వంచి, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాల్ని మాత్రమే వణికిస్తాయి. ఎగిరేటప్పటి రొద కంటే సన్నటి, పదునైన జుమ్మనే చప్పుడు వినిపిస్తుంది. ఆ వణుకుకు కొసల్లోంచి పొడి ఎగజిమ్మి దాని పొట్ట మీద పడుతుంది. రెండు మూడు క్షణాల పని, వెంటనే పక్క పువ్వుకు. ఉదయం 7 నుంచి 10 మధ్య వంగమడిలో కూర్చుంటే ఆ చప్పుడు విని ఈగ ఎక్కడుందో వెతుక్కోవచ్చు.

వంగలో పిందె పడకపోతే అన్నిసార్లూ ఈగల లోటే అనుకోవద్దు. కీలమంటే పువ్వు నడుమ ఉండే ఆడ కాడ, కీలాగ్రం దాని కొస. ఒకే చెట్టుకు పొడుగు కీలం, మధ్యరకం, పొట్టి కీలం పువ్వులు పూస్తాయి. కీలాగ్రం పసుపు కోన్ దాటి బయటికి వచ్చిందా లేదా అని చూడాలి. లోపలే దాక్కున్న పొట్టి కీలం పువ్వు ఎన్ని ఈగలు వచ్చినా రాలుతుంది, అది సహజం. పొడుగు కీలం పువ్వులు కూడా వరసగా రాలుతుంటే అప్పుడు ఈగల్ని అనుమానించాలి. పరీక్ష తేలిక: బ్యాటరీ టూత్‌బ్రష్ వెనుక భాగాన్ని పువ్వు కాడకు ఆనించి ఉదయం పూట మూడు క్షణాలు వణికించాలి. అలా చేసిన పువ్వులు నిలిచి, చేయనివి రాలితే లోటు తుమ్మెదలదే. టమాటా ఎక్కువగా గాలి ఊపుకే తనకు తాను పొడి రాల్చుకుంటుంది, ఈగ వస్తే కాయ ఇంకాస్త నిండుగా వస్తుంది.

పుప్పొడి కోసం వంగకు వచ్చే ఈగకు ఎగరడానికి ఇంధనం మకరందం, అది వంగలో దొరకదు. పది అడుగుల దూరంలో తులసి, సబ్జా పూసి ఉంటే ఈగలు వంగకూ వాటికీ మధ్య తిరుగుతాయి. అందుకే తులసిని వంగమడికి ఎదురుగా పెట్టాం. ఇంటి కోటలోని తులసికి వెన్నులు తుంచేస్తాం, ఇక్కడ తుంచొద్దు. గింజ గట్టిపడిన వెన్నులున్న మొక్కల్ని మాత్రం మూడింట ఒక వంతు చొప్పున, ఒక విడతలో కొన్నే, పైనుంచి అడుగు కోయాలి. మూడు నాలుగు వారాల్లో మళ్లీ పూస్తాయి. ఈలోగా మిగిలినవి పూతలో ఉంటాయి. అన్నీ ఒకేసారి కోస్తే నెల రోజులు బోసి.

ఎండిన సబ్జా కాడలు కొన్ని వదిలేయడానికీ కారణముంది. సాయంత్రం చీకటి పడుతుండగా నీలి చారల మగ ఈగలు ఆ పుల్లల కొసన వరసగా చేరి, దవడలతో పుల్లను కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని నిద్రపోతాయి. గూడు ఆడ ఈగది, మగవాటికి పడక పుల్లే. రాత్రి పూట కత్తిరింపు పని పెట్టుకోకూడదు.

బీర సంగతి వేరు. దాని పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొర కూడా అంతే. చీకటి వేళ వచ్చే రెక్కల పురుగులు దీన్ని చూసుకుంటాయి, కాబట్టి తీగ దగ్గర రాత్రంతా వెలిగే లైటు తీసేశాం. గుమ్మడి మాత్రం తెల్లవారకముందే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, దానికి పొద్దున్నే లేచే తేనెటీగ కావాలి. మొదటి రెండు వారాలు ఈ తీగలకు మగపూలే వస్తాయి, పిందెలు రాలేదని కంగారుపడక్కర్లేదు.

అక్టోబర్

కంచె వెంట ముందు నుంచి ఉన్న తంగేడు నిండుగా పూసింది. ఇందులోనూ మకరందం ఉండదు, పుప్పొడే. మధ్యలోని పొట్టి కేసరాలు తుమ్మెదకు మేత, కిందికి వంగిన పొడుగు కేసరాలు దాని ఒంటికి అంటి పక్క పువ్వుకు పోయే పొడి. బతుకమ్మకు పూలు కోయడానికి వచ్చేవాళ్లను ఒక్కో పొదకు సగం గుత్తులు వదలమని కోరాం. గునుగుకూ అదే మాట.

జనుము పూతలో ఉంది. రైతులు పచ్చిరొట్టకు పూత దశలో కలియదున్నేస్తారు. ఒక వరస మిగిల్చితే తుమ్మెదలకు పండగ. పువ్వు గట్టిగా మూసి ఉంటుంది, బరువైన ఈగ వాలి కింది రేకును నొక్కితేనే తెరుచుకుంటుంది. చిన్న తేనెటీగ వల్ల కాదు.

వెదురు గొట్టాల్లో కొన్నింటి మూతికి ఆకు ముక్కల బిరడాలు పడ్డాయి. కంది, గులాబీ ఆకుల అంచున గుండ్రంగా, కత్తెరతో తీసినట్టు కోతలు కనపడితే ఆ ఈగ పనే. పురుగనుకుని మందు కొట్టొద్దు. మొక్కకు ఏ నష్టమూ లేదు.

నవంబర్, డిసెంబర్: కంది పూత, మందు గొడవ

కంది పసుపు పూతకు ఆకు కత్తిరించే ఈగలు బాగా వస్తాయి. సరిగ్గా అప్పుడే కాయతొలుచు పురుగూ వస్తుంది. పూత మీద మందు కొడితే రెండూ పోతాయి. 13 మొక్కలకు మందు అవసరం లేదు. కింద పాత చీర పరిచి మొక్కను మెల్లగా కుదిపితే పురుగులు రాలతాయి, ఏరి కోళ్లకు వేస్తే సరి. కూరగాయల మడిలో తప్పనిసరైతే 1500 పీపీఎం (డబ్బా మీద రాసి ఉండే బలం) వేపమందు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, పొద్దు గూకాక, ఆకు అడుగున తగిలేలా. పూల మీద వేపమందు కూడా వద్దు. పొద్దున కొడితే తడిసిన ఈగ ఎగరలేక చస్తుంది.

చలి పెరిగాక ఈగలు ఆలస్యంగా బయల్దేరుతున్నాయి. పూల మీద వాలే ఈగల్ని లెక్కపెట్టే వేళను ఉదయం 8, 10 గంటల మధ్యకు మార్చాం. పద్ధతి: ఎండ ఉన్న రోజు, ఒక్కో చదరం ముందు 10 నిమిషాలు కూర్చుని, వాలినవాటిని ఏడు గడుల్లో గీతలు పెట్టాలి. పెద్ద తేనెటీగ, పుట్టతేనెటీగ, కొమ్మలకు అరచేయంత తుట్టె పెట్టే చిన్న తేనెటీగ, తుమ్మెద, నీలి చారల ఈగ, గాల్లో నిలబడే పూల ఈగ, సీతాకోకచిలుక. రకం పేరు ఖాయంగా తెలియకపోయినా గడి తెలిస్తే చాలు. వరసగా నిండుతున్న గడులు, ఖాళీగా ఉన్నవి చూస్తే ఏ మొక్క దండగో తెలిసిపోతుంది. తులసి ఒక్కదాని దగ్గరే దాదాపు అన్ని గడులూ నిండాయి. జిన్నియా వేసి ఉంటే సీతాకోకచిలుకలు పెరిగేవేమో గానీ తేమకు బూడిద తెగులు తప్పదు, వేయలేదు.

జనవరి

అక్టోబర్ మధ్య నుంచి మూడు వారాలకోసారి వేసిన ధనియాలు ఇప్పుడు వరసగా పూస్తున్నాయి. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి, రాత్రి నానబెట్టి వేయాలి. కూరకు కోసుకున్న మడిలోనే మూడో వంతు కోయకుండా వదిలితే వేరే ఖర్చు లేదు. గొడుగు లాంటి ఆ తెల్లపూత చిన్న తేనెటీగకు, పూల ఈగకు ప్రాణం. పొట్టి మూతి పురుగులకు లోతులేని పువ్వే అందుతుంది.

ఆవాల కాడలకు పేనుబంక పట్టింది. వారం ఆగాం. పూల ఈగ పిల్లపురుగులు, కాళ్లు లేని ఆకుపచ్చ జలగల్లా, పేను మధ్య తిరుగుతూ ఒక్కొక్కదాన్నే పీల్చేస్తాయి. ఎదిగిన పూల ఈగకు ధనియాల పూత, పిల్లకు పేనుబంక, రెండూ పక్కపక్కనే ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. సబ్బునీళ్లు కొట్టి ఉంటే పేనుతో పాటు అవీ పోయేవి. కాడ కొస ముడుచుకుపోయిన రెండు మొక్కల్ని మాత్రం పీకేశాం.

నెల మొదట్లో పొద్దుతిరుగుడు విత్తాం. పుప్పొడి రాల్చని రకాలు పూలకొట్ల కోసం అమ్ముతారు, అవి మనకు పనికిరావు.

ఫిబ్రవరి, మార్చి

రెండో విడత నువ్వులు, డ్రిప్పు మీద. పొద్దుతిరుగుడు మార్చిలో విచ్చుకుంది. పెద్ద తేనెటీగల తుట్టె ఒకటి దగ్గరి నీళ్లట్యాంకు అడుగున పట్టింది. పొగ పెట్టడం, రాళ్లేయడం, గద్దలు తుట్టెను తన్నడం, ఇలాంటివి జరిగినప్పుడు అవి మీద పడతాయి. పువ్వు మీద ఉన్న ఈగకు మనిషితో పని లేదు. అయినా నడిచే దారికి, పిల్లలు ఆడుకునే చోటుకు ఈ పట్టీ ఆరడుగులు దూరంలో ఉండాలి. తేనెటీగ కుడితే ఊపిరి అందని మనిషి ఇంట్లో ఉంటే ఇంకా దూరం జరపాలి.

మార్చి చివర టమాటా పూత రాలింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడే చచ్చుబడుతుంది. టూత్‌బ్రష్ పరీక్షకూ నిలవలేదు. ఈగల తప్పు కాదు.

ఏప్రిల్, మే

వేప, కానుగ పూతతో ఏప్రిల్ గడిచిపోతుంది. ఈగలు పట్టీని వదిలి చెట్లెక్కుతాయి, గడులు ఖాళీగా ఉన్నా దిగులు అక్కర్లేదు. మునగ, కరివేపాకు పూత అదనం. కరివేపాకును, నిమ్మను తినే గొంగళిపురుగులు సీతాకోకచిలుకలవే, ఆకులో వాటా వాటికీ వదిలాం. మూకుడుకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ, రోజూ నింపాలి, నీడలో పెట్టాలి.

పాత వెదురు గొట్టాలు ఏడాదికోసారి మార్చాలి. లేకపోతే బూజు, మైట్లు (కంటికి సరిగా ఆనని సన్నటి పురుగులు) పేరుకుంటాయి. బిరడా ఉన్న గొట్టాన్ని చీల్చకూడదు. వాటిని అట్టపెట్టెలో పెట్టి, మూత బిగించి, వేలు పట్టేంత కన్నం ఒకటి వెలుతురు వైపు పెట్టాలి. లోపలి ఈగలు వెలుతురు చూసుకుని బయటికి పోతాయి, చీకటి పెట్టెలోకి గుడ్లు పెట్టడానికి తిరిగి రావు. పెట్టె ఖాళీ అయ్యాక గొట్టాలు కాల్చేసి కొత్తవి బిగించాలి.

విత్తనం: జనుము కాయ ఊపితే గలగలమన్నప్పుడు, తులసి వెన్ను గోధుమరంగు తిరిగినప్పుడు కోసి నీడన ఆరబెట్టాం. కందిలో పుచ్చు పట్టకుండా ఎండు వేపాకు కలిపి మూత బిగించాం.

లెక్క కాగితంలో ఏడాది మొత్తానికి పల్చన మే రెండో సగం. కానుగ అయిపోయింది, నువ్వులు కోతకు వచ్చాయి, మిగిలింది పోర్చులాకా, తులసి. పోర్చులాకా ఎండ బాగా పొడిచాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, సాయంత్రపు ఈగకు ఏమీ ఉండదు. వచ్చే ఏడాది మార్చి మొదటి వారంలో సబ్జా నారు ఇంకో చదరం పోసి, ఏప్రిల్‌లో నాటి, మే పదికల్లా పూతకు తేవాలి. దానికి రెండు చదరాల డ్రిప్పు పైపు, నాలుగు అంగుళాల ఎండుగడ్డి కప్పు కావాలి. తవ్వకుండా వదిలిన ముక్క మీద మాత్రం ఆ గడ్డి పడకూడదు.